తొడిమతో సహా

ముప్పై రెండేళ్లు కొమ్మలు నరికాను.
తొలకరికి ముందు, నల్లచెరువు నుంచి నల్లపాడు రోడ్డు దాకా
వైర్ల మీదికి చెయ్యి చాపిన ప్రతి చెట్టుకీ
క్షవరం చేసిన లైన్‌మన్ని.
నరికేవాణ్ణే గాని
చంపేవాణ్ణి కాదు.
మరుసటేడు మళ్లీ పెరిగేవి,
మళ్లీ నిచ్చెన, మళ్లీ కత్తి.
చెట్టుకి కోపం లేదు, నాకు తీరిక లేదు.

రిటైరయ్యాక
పెరట్లో సుబాబుల్‌తో పేచీ వచ్చింది.
నేను నాటలేదు. గాలికి పడ్డ గింజ.
దీనమ్మ వాళ్ల స్నానాలగది గోడ
నేల దగ్గర మొదలై కిటికీ దాకా చీలింది.
ఆమె అరవలేదు.
పగుల్లో అగ్గిపుల్ల గుచ్చి చూపించింది.
కొన్ని నెలల తర్వాత అదే పగుల్లో
పెన్సిలు పెట్టి చూపించింది.

కొట్టించాను. కూలీకి కట్టెలే ఇచ్చేశాను.
మోకాలెత్తు మోడు మిగిలితే
దాని మీద కూచుని టీ తాగాను.
పదిహేనో రోజున కూచోబోతే చోటు లేదు.
అంచు చుట్టూ పిలకలు,
పెళ్లి ఫోటోలో చిన్నపిల్లల్లా తోసుకుంటూ.

ఇక వైద్యులు మొదలయ్యారు.
ఉప్పు పొయ్యమన్నాడొకడు. గళ్లుప్పు, రెండు కేజీలు.
పక్కనున్న కరివేపాకు చచ్చింది,
మోడు మాత్రం ఉప్పు తిన్న విశ్వాసం చూపించలేదు.
ఇంగువ కూరమన్నారు తెనాలి బావగారు.
కొన్నాళ్లు పెరడంతా పులిహోర వాసన.
కాలిన ఇంజనాయిలు పోస్తే
కుక్క అక్కడ పడుకోవడం మానేసింది,
చెట్టు లేవడం మానలేదు.

నాగుల్‌మీరా రంపం తెచ్చాడు.
మోడుని వేలితో తట్టి, నన్ను తిట్టాడు.
"గాయం పచ్చిగా ఉండగా పూయాలి సార్ మందు.
కోసిన పావుగంటలో.
మీరు దానికి కట్టు కట్టుకునే టైమిచ్చారు."
నేలకి బెత్తెడెత్తున మళ్లీ కోశాడు.
పొట్టు తెల్లగా, తడిగా, కొబ్బరికోరులా.
డీజిల్లో కలిపిన మందు నడిమధ్య పోయబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
"మధ్యలోది ఎప్పుడో చచ్చిన కర్రే.
ప్రాణం అంచులో ఉంటది, బెరడు కింద, గోరు మందాన."

ముప్పై రెండేళ్లు చెట్లెక్కి
నాకు తెలియని ముక్క.

కుంచెతో అంచు చుట్టూ పూశాం
పెళ్లికూతురికి పారాణి దిద్దినంత జాగ్రత్తగా.
నల్ల టార్పాలిన్ కప్పి నాలుగు ఇటుకలు పెట్టాం.
రోహిణి కార్తె. రోళ్లే పగిలే ఎండ.
ఇక చచ్చిందనుకున్నాను.

మానేశానని ఇంట్లో చెప్పిన బీడీ
ఎక్కడెక్కడ మొలిచేదో నాకు తెలుసు:
బడ్డీకొట్టు వెనక, సబ్‌స్టేషన్ గోడ పక్కన,
పరామర్శకి వెళ్లిన ఇంటి అరుగు మీద.
ఇదీ అంతే. టార్పాలిన్ ఎత్తలేదు.
మూడడుగుల అవతల, వేరు మీంచి,
ఏమీ ఎరగనట్టు ఒక పిలక.

కత్తిరించాను. రెండొచ్చాయి.
రెండూ కత్తిరించాను. ఆ తర్వాత లెక్క అడక్కండి.

దీనమ్మ గోడ మీంచి చూసింది.
కోల్డ్ స్టోరేజీలో మిర్చికి తొడాలు తీసే మనిషి,
ఇరవయ్యేళ్లుగా మండుతున్న వేళ్లు.
"ఆ కత్తెర పక్కన పెట్టండయ్యా" అంటూ వచ్చి
గొంతుక్కూచుని
పిలకని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి
పక్కకి ఒక్క మెలిక.
మడమతో సహా ఊడొచ్చింది.
"పైన తుంచితే దానికి కోపమొస్తది.
తొడిమతో సహా తీస్తే మర్చిపోద్ది."

అప్పట్నించి
టీకి ముందు నేను, పనికి ముందు ఆమె.
ఆషాఢంలో పదకొండు. శ్రావణంలో ఏడు.
కార్తీకంలో ఒక్కటే, పాలిపోయి,
వెలుతురు ఎటుందో తెలియనట్టు.
దాన్ని తీసేటప్పుడు
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

డిసెంబరు తుఫాను వానకి
మోడు మీద కుక్కగొడుగులు లేచాయి.
గోరు గుచ్చితే దిగింది, టీలో ముంచిన రస్కులా.
మేస్త్రీ వచ్చి గోడ పూడ్చాడు.
కొత్త సిమెంటు ఇంకా రంగు కలవలేదు.

నేనింకా ఆరింటికే లేస్తాను.
వంగి నేలంతా వెతుకుతాను.
"ఏం లేదుగా?" గోడవతల్నించి అడుగుద్ది.
"ఏం లేదు."
"రేపు కూడా చూడండి" అంటుంది
క్యారేజీ సంచిలో పెట్టుకుంటూ.